బెంగాలీలో అడిగితే తంచంగ్యా మాట రాదు

బంగ్లాదేశ్‌లోని రాంగామాటి, బందర్బన్ కొండల్లో సర్వే పనికి వచ్చే మన తెలుగువాళ్ళకు ఒక చివాటు తప్పదు. భాష గడిలో పక్క తెగ భాష పేరు "చాక్మా" అని రాయగానే అక్కడి తంచంగ్యా తెగ పెద్దలు ఆపేస్తారు: "మా భాషకు పేరుంది, అది రాయండి." వాళ్ళ కోపం న్యాయమే. రెండూ ఇండో-ఆర్య భాషలే, దగ్గరి చుట్టాలే, కానీ ఒకటి కావు. 2017లో బంగ్లాదేశ్ ప్రభుత్వం చాక్మా, మార్మా, త్రిపుర, గారో, సాద్రి పిల్లలకు సొంత భాషల్లో బడిపుస్తకాలిచ్చింది. ఆ వరసలో తంచంగ్యా లేదు. ఇక గడిలో కూడా పేరు లేకపోతే ఎలా?

మాటలు సేకరించేటప్పుడు చెడేది ముఖ్యంగా ఒక్కచోట. బెంగాలీలో "దీన్నేమంటారు?" అని అడిగితే, మర్యాదకొద్దీ జవాబు కూడా బెంగాలీలోనో దానికి దగ్గరగానో వస్తుంది. జాబితా నిండుతుంది, భాష మాత్రం అందులో ఉండదు. ఉట్నూరు వైపు గోండులను తెలుగులో అడిగి రాసుకొచ్చే మన అలవాటూ ఇదే, కాబట్టి బెంగాలీవాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

వస్తువు చేతికిచ్చి అడగాలి. ఆడవాళ్ళ అయిదు దుస్తులతో మొదలుపెడితే మేలు: నడుముకు చుట్టే పినోన్, రవిక లాంటి సాలుం, పైన వేసుకునే గుడ్డ ఖాది, తలకు ఖబాం, నడికట్టు ఫాధురి. వీటికి బెంగాలీ మాట అడ్డురాదు. తర్వాత జుమ్ (పోడు) చేనికి వెళ్ళి, విత్తనం నుంచి కోత దాకా ఒక్కో పనినీ వాళ్ళు చేస్తుండగా అడగాలి. మాటను ఒంటరిగా కాదు, వాక్యంలో రికార్డు చేయాలి. ఒకే మాటను కనీసం ముగ్గురి నోట వినాలి. చెప్పినవాళ్ళ గసా, అంటే తెగలోని శాఖ, కార్వానో, మోనో, ధన్యానో, పక్కనే రాసుకోవాలి. గసా మారితే ఉచ్చారణ మారుతుంది. అది రాయని జాబితా తర్వాత ఎవరికీ అక్కరకు రాదు.

రాతలో ఇంకో చిక్కు. వాళ్ళ సొంత లిపి గుండ్రం చూస్తే తెలుగు కంటికి ప్రాణం లేచొస్తుంది, కానీ తెలుగు లెక్కతో చదివితే తప్పిపోతాం. మనకు ఒంటి హల్లు "క", వాళ్ళకు అదే "కా". బెంగాలీలో అదే హల్లు "కొ"కు దగ్గరగా పలుకుతుంది. అందుకని బెంగాలీ అక్షరాల్లో టైపు చేసిన జాబితాలో ఏ ఒంటి హల్లును ఎలా పలకాలో తేలదు. ఆడియో ఫైలు నంబరు ప్రతి మాట పక్కనా ఉండాలి, సందేహం వస్తే అక్షరాన్ని కాదు, గొంతునే నమ్మాలి.