ఫైనల్లీ పాస్డ్

పొద్దున ఏడున్నరకి డ్యూటీ మారేటప్పుడు నైట్ నర్సు ఒక్కో బెడ్ గురించి చెప్పుకుంటూ వస్తుంది. దాన్నే హ్యాండోవర్ అంటారు. ఇంగ్లండ్‌లో నేను వార్డులో చేరిన రెండో వారం అది. "బెడ్ ఫోర్, ఫైనల్లీ పాస్డ్ ఎట్ ఫైవ్" అని చెప్పి ఆమె బెడ్ ఫైవ్‌కి వెళ్ళిపోయింది.

పాస్డ్ అంటే చనిపోయారనే అనుకున్నాను. నా పెన్ను అక్కడే ఆగిపోయింది. నాలుగో బెడ్ పెద్దాయనకి ముందురోజు సాయంత్రం సాక్సులు తొడిగింది నేనే. తొడుగుతున్నంతసేపూ పెరట్లో గులాబీ కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో చెప్పారు. హ్యాండోవర్ అవగానే అటు నడిచాను. బెడ్ చుట్టూ కర్టెన్ మూసి ఉంది. జరిపి చూస్తే ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని టీ తాగుతున్నారు. "గుడ్ మార్నింగ్ లవ్" అన్నారు. ఆ మంచం చెక్క పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.

ఆయనకి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. రాత్రి 12 గంటలకి కెథెటర్, అంటే యూరిన్ బయటికి పోవడానికి పెట్టే గొట్టం, తీశారు. తీసిన 6 గంటల్లోపు తనంతట తను యూరిన్ పోస్తారా లేదా అని అందరూ ఎదురుచూశారు. అయిదింటికి పోశారు. ఆ నర్సు సంతోషంగా చెప్పింది ఆ మాటే.

విజయవాడలో మేమూ పేషెంట్లని "యూరిన్ పాస్ అయిందా?" అనే అడిగేవాళ్ళం. కాకపోతే యూరిన్ అన్న మాట వదిలేసి ఎవరూ అడగరు. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తే రైటింగ్‌లో 6.5, మిగతా మూడింట్లో 7 చొప్పున రావాలి. నాకు వచ్చాయి. ఆ పరీక్షలో ఇలాంటి మాటలు మాత్రం ఎదురుకాలేదు.

వార్డులో ఈ ఒక్క క్రియ ఎన్ని పనులు చేస్తుందో ఆ తర్వాత గమనించాను. కడుపు ఆపరేషన్ అయినవాళ్ళని డాక్టరు రౌండ్స్‌లో మొదట అడిగేది "పాస్డ్ విండ్?" అని. గ్యాస్ పోయిందంటే పేగులు మళ్ళీ కదులుతున్నట్టు లెక్క. స్పృహ తప్పితే పాస్ అవుట్. నొప్పితో మూలుగుతున్న పేషెంటుకి "ఇట్ విల్ పాస్" అని ధైర్యం చెబుతారు. భోజనం ట్రాలీ వచ్చినప్పుడు "ఐ విల్ పాస్" అన్నారంటే వద్దని. కబురు అందించడం పాస్ ఆన్, చనిపోవడమూ పాస్ ఆన్.

ఆ పాస్ అవుట్‌తో నాకొక అనుభవం ఉంది. నర్సింగ్ ఎప్పుడు చేశావని వార్డు మేనేజర్ అడిగితే "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2014" అన్నాను. ఆమె మొహంలో కంగారు కనిపించింది. ఇప్పుడు ఆరోగ్యం బాగుందా, నైట్ డ్యూటీలు చేయగలవా అని మెల్లగా అడిగింది. మనం తప్పు మాట్లాడుతున్నామని నేను ఒప్పుకోను. శిక్షణ ముగించుకున్న పోలీసులకీ సైనికులకీ ఈ దేశంలోనూ పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతుంది. మన దగ్గర అది కాలేజీలదాకా వచ్చింది. ఇక్కడ పరేడ్ గ్రౌండ్ దాటలేదు, అంతే తేడా.

ఈ క్రియ లాటిన్‌లో అడుగు అనే అర్థమున్న పాసుస్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అది తెలిశాక నాకు మన పోవడం గుర్తొచ్చింది. కరెంటు పోతుంది, జ్వరం పోతుంది, పరువు పోతుంది, మతి పోతుంది. తాత పొలం పోయాడంటే మధ్యాహ్నానికి అన్నానికి వస్తాడు. ఉత్తినే తాత పోయాడంటే ఇక రాడు. ఇంగ్లీషులోనూ అంతే. పక్కన నీళ్ళో గాలో పరీక్షో ఉన్నంతసేపు భయం లేదు. ఏమీ లేకుండా మనిషిని పట్టుకుని ఆ ఒక్క మాటే అన్నారంటే గుండె ఆగుతుంది.

పోయిన ఏడాది మార్చిలో నైట్ డ్యూటీ ముగించుకుని బస్సు ఎక్కుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "నాయనమ్మ పోయిందే" అంది. ఎక్కడికో చెబుతుందేమోనని ఒక్క క్షణం ఆగాను. అమ్మ ఇంకేమీ అనలేదు. బస్సు డ్రైవరు టికెట్ కోసం చూస్తున్నాడు, నేను డబ్బులు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

ఇప్పుడు నా హ్యాండోవర్ కొంచెం పొడుగు. ఎవరైనా విసుక్కున్నా సరే, ప్రతి మాట పూర్తిగా చెబుతాను. ఈమధ్య నెల్లూరు నుంచి ఒకమ్మాయి మా వార్డులో చేరింది. మొన్న నా పక్కన నిలబడి కాగితం మీద గబగబా రాసుకుంటోంది. "బెడ్ టూ, పాస్డ్ యూరిన్ ఎట్ ఫోర్ థర్టీ, 320 ఎంఎల్" అని చెప్పి, ఆ అమ్మాయి యూరిన్ అన్న మాట కూడా రాసుకుందో లేదో చూసి, అప్పుడు మూడో బెడ్‌కి వెళ్ళాను.