ఎక్స్‌పీ డబ్బా, ఒరిజినల్ డిస్కు

ఈ ఆదివారం కరెంటు తీస్తామని నిన్ననే చెప్పినారు, తీరా చూస్తే తీయనే లేదు. ఉగ్గాని బజ్జి తిన్నాక ఇంగ ఏం పని ల్యాక మిద్దె మీద గదిలో ఉన్న పాత సిస్టమ్ దుమ్ము దులపడం మొదలుపెట్టినా. మా అక్క కొడుకు కర్నూలు నించి సెలవులకి వచ్చిండాడు, తొమ్మిదో క్లాసు, వాడు గూడా వెనకాలే వచ్చి, ఇది పని చేస్తదా మామా అని నవ్వుతా నిలబడినాడు.

పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, లోపల విండోస్ ఎక్స్‌పీ. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతాంది గానీ స్క్రీన్ మీద ఏం రాలేదు, బీప్ బీప్ అని ఒకటే అరుపు. ర్యామ్ స్టిక్ పీకి, దాని కింద ఇత్తడి రంగులో ఉండే పళ్ళని వాడి పెన్సిల్ రబ్బరుతో రెండు పక్కలా రుద్ది, డబ్బా పొట్టంతా ఊది, టక్ మని రెండు క్లిప్పులు పడేదాకా నొక్కితే అప్పుడు వచ్చింది బొమ్మ. వచ్చి మళ్ళ ఎఫ్1 కొట్టమని ఆగింది, ఎందుకంటే మదర్‌బోర్డు మీద సెల్ అయిపోయి తేదీ వెనక్కి పోయింది. అది 2032 సెల్లు, అమ్మ షుగర్ మిషన్‌లో వేసేది గూడా అదే. అమ్మ మందుల డబ్బాలో కొత్తది ఒకటి ఉంటే తెచ్చి వేసినా. "సాయంత్రానికల్లా నా సెల్లు నాకు తెచ్చిపెట్టు నాయనా" అని కింద నించే అరిచింది అమ్మ.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ఆపేసింది. అప్పటి నించి నేను దానికి నెట్ వైరు పెట్టనేలేదు. పెట్టినా దాంట్లో ఉన్న పాత బ్రౌజర్‌లో ఇప్పటి సైట్లు చాలా మటుకు తెరుచుకోవు, పైగా కొత్తగా కనపడే కంతలకి, అంటే దొంగలు దూరే లోపాలకి, ప్యాచ్ వేసి సరిచేసేవాళ్ళు లేరు. గేములకి నెట్ ఎందుకు అసలు? అప్‌డేట్ లేదు, లాగిన్ లేదు, యాడ్ లేదు, నాకైతే సుఖంగానే ఉండాది.

వాడు మాత్రం ఒప్పుకోలేదు, నా కొత్త ల్యాప్‌టాప్ చూపించి దీంట్లో ఎందుకు ఆడకూడదు అని మొండికేసినాడు. సరే చూడు అని నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ అనే కార్ల రేసు గేము, 2005ది, నేను ఒరిజినల్ కొన్న డిస్కు, యూఎస్‌బీ డిస్కు డ్రైవ్‌లో పెట్టి ఇచ్చినా. ఇన్‌స్టాల్ అయింది. డబుల్ క్లిక్ చేస్తే గుండ్రం కాసేపు తిరిగి ఊరుకుంది, ఎర్రర్ గూడా లేదు. మళ్ళ కొట్టినాడు, అంతే.

సంగతి ఏమంటే ఆ డిస్కుకి సేఫ్‌డిస్క్ అని ఒక తాళం ఉంటది, నకలు కొట్టనీకుండా. డిస్కు అసలుదా కాదా అని చూసేదానికి ఎస్ఈసీడీఆర్‌వీ అనే డ్రైవర్, అంటే విండోస్ లోపల నడిచే ఒక చిన్న ప్రోగ్రామ్, కావల్ల, ఎక్స్‌పీలో అది విండోస్‌తోనే వచ్చేది. ఆ డ్రైవర్ సిస్టమ్ లోపల మరీ లోతుగా కూర్చుంటది కాబట్టి దాంట్లో కంత ఉంటే కంప్యూటర్ మొత్తం దొంగ చేతికి పోయినట్టే, 2007లో అట్లాంటి కంత ఒకటి బయటపడింది గూడా. చివరికి 2015లో విండోస్ 10 నించి దాన్ని తీసేసినారు, అదే ఏడాది సెప్టెంబర్లో ఒక అప్‌డేట్‌తో విండోస్ 7, 8లో గూడా ఆపేసినారు. మైక్రోసాఫ్ట్‌ని నేను తప్పు పట్టను, వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. కానీ గేమ్ బాగుంది, డిస్కు మీద గీత లేదు, ల్యాప్‌టాప్‌కి బలం బోలెడు ఉంది, తాళం తీసే మనిషే లేడు.

ఇదంతా విని వాడు ఏమన్నాడంటే, "అంటే మామా, దుడ్లు పెట్టి కొన్నోనికి పని చేయదు, తాళం పగలగొట్టిన దొంగ సీడీ కొన్నోనికి చేస్తది, అంతేనా?" అంతే రా అల్లుడూ. బజార్లో రైట్ చేసిచ్చే సీడీలు తీసుకున్న మా ఫ్రెండ్స్ అప్పుడు నన్ను చూసి నవ్వినారు, వాళ్ళకి ఇప్పుడు నవ్వేదానికి ఇంకో కారణం.

అదే డిస్కు ఎక్స్‌పీలో పెడితే డ్రైవ్ కిర్రుమని, ఆగి, మళ్ళ కిర్రుమని, లోగో వచ్చేసింది. గేములో విలన్ రేజర్ గాడు ఆ బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్ కొట్టేసే సీను దగ్గర వాడి మొహం చూడాల, ఈ కారు నాకు తెలుసు అని ఎగిరినాడు.

ఆ తర్వాత డేంజరస్ డేవ్ పెట్టి ఇచ్చినా. అది విండోస్ కంటే ముందుండే డాస్ మీద నడిచే గేము, 16 బిట్‌ది. 64 బిట్ విండోస్ అట్లాంటివాటిని నేరుగా నడపదు, 32 బిట్ ఎక్స్‌పీ నడుపుతది. కొత్త ల్యాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ అని పాత డాస్‌ లాగా నటించే ప్రోగ్రామ్ వేస్తే అది గూడా ఆడుకోవచ్చు, కాబట్టి దానికోసం ఈ డబ్బా అవసరమేం లేదు, నిజం చెప్పాలంటే. వాడికి డేవ్ ఎక్కలేదు, కప్పు తీసుకుని తలుపులోకి దూరడమేనా అన్నాడు.

ఎక్కింది ఐజీఐ, శత్రువుల స్థావరాల్లోకి దొంగచాటుగా దూరే తుపాకీ గేము. 2000 నాటిది. గోడ వెనక నక్కి, కెమెరా కంట్లో పడకుండా, సైరన్ మోగకుండా మిషన్ చివరిదాకా పోయినాడు, అన్నానికి పిలిస్తే పలకలేదు. నిచ్చెన దిగుతాంటే వెనక నించి ఎవడో కాల్చినాడు.

"మామా, సేవ్ యాడ?"

"మిషన్ మధ్యలో సేవ్ ఉండదు రా దీంట్లో."

"అంటే మొత్తం మళ్ళ మొదటి నించినా?"

నమ్మలేదు, మెనూ అంతా వెతికినాడు. వెతికి, మౌస్ పక్కకి తోసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను కింద తినొచ్చేసరికి మళ్ళ అదే మిషన్ ఆడుతా ఉన్నాడు, ఈసారి నిచ్చెన దిక్కు పోనేలేదు.

సాయంత్రం వాడి మోస్ట్ వాంటెడ్ సేవ్ పెన్‌డ్రైవ్‌లోకి తీద్దామంటే కొత్త పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌పీ గుర్తుపట్టలేదు, ఫార్మాట్ చేయమంటాంది. అది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌ది, ఎక్స్‌పీకి అది తెలియాలంటే వేరే అప్‌డేట్ వేసుకోవల్ల. సొరుగులో పాత 8 జీబీది, ఎక్స్‌పీకి తెలిసిన ఫ్యాట్32 ఫార్మాట్‌ది, దొరికింది, మై డాక్యుమెంట్స్‌లో ఉన్న ఫోల్డర్ ఎత్తి దాంట్లో పెట్టినా. హార్డ్ డిస్క్ అప్పుడప్పుడు టిక్ మంటాంది, అది నాకు నచ్చలేదు, వచ్చే వారం మొత్తం ఇమేజ్, అంటే డిస్కు ఉన్నదున్నట్టు నకలు, తీసేయాల. సప్తగిరి సర్కిల్ దిక్కు పోయినప్పుడు అమ్మ సెల్లు గూడా తేవాల, ఇప్పటికే రెండుసార్లు అడిగింది.