గట్టు మీద కాలు తూలితే

ఆదివారం, అమలాపురం.

రాత్రంతా వాన. నాట్లు సాగుతున్న ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించే మాట: "చెప్పు బురదలో ఊడిపోయినా తెలీట్లేదండి, చీకటి పడితే గట్టు మీద తూలిపోతున్నానండి." అరవై దాటినాయన అలా అంటే, "షుగరేలెండి" అనేస్తాం. చాలాసార్లు అది నిజమే. కారణం షుగర్ కానప్పుడే ఏళ్లు వృథాగా పోతాయి.

అలా షుగర్ మాటున దాగి ఉండే ఒక జబ్బును 1944లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ వివరించాడు. ఈ రక్త క్యాన్సర్‌లో మూలుగలో పెరిగిన కణాలు ఐజీఎం అనే పెద్ద ప్రొటీన్‌ను ఊరికే తయారుచేస్తూ పోతాయి. కొందరిలో అది నరం తొడుగులోని మ్యాగ్ అనే ప్రొటీన్‌కు అంటుకుని తొడుగు పొరలను విడదీస్తుంది. స్పర్శ తగ్గడం రెండు పాదాల్లోనూ సమంగా, నెమ్మదిగా మొదలవుతుంది. నొప్పికన్నా తూలడమే ఎక్కువ, చేతులూ వణకొచ్చు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ బొటనవేలి మీద పెడితే అదురు తెలియదు. షుగర్‌లోనూ తెలియదు గనుక ఫోర్క్ ఒక్కటే తేల్చదు. షుగర్ అదుపులో ఉన్నా తూలడం పెరుగుతుంటే విటమిన్ బీ12తో పాటు, రక్తంలో ఇలాంటి ప్రొటీన్‌ను పట్టే ఎలక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్ పరీక్షలు రెండూ రాయాలి. ఈ జబ్బులో ప్రొటీన్ కొద్దిగానే ఉండొచ్చు, ఎలక్ట్రోఫోరెసిస్ ఒక్కదానికే దొరక్కపోవచ్చు.

ల్యాబ్‌వాళ్లకు ముందే అనుమానం రావచ్చు: ఈఎస్ఆర్ (ఎర్రకణాలు గొట్టంలో అడుగుకు దిగే వేగం) వంద దాటడం, స్లైడు మీద ఎర్రకణాలు నాణేల దొంతరల్లా పేరుకోవడం. కొందరి ఐజీఎం చల్లదనానికి అడుగున దిగిపోతుంది. అటువంటి శాంపిల్‌ను సీరం తీయకముందే ఐస్‌లో పెట్టి కాకినాడ పంపితే ఐజీఎం అంకె తక్కువ వస్తుంది. సీరం వేరయ్యేదాకా 37 డిగ్రీల దగ్గరే ఉంచాలి.

ఈ జబ్బులో తలనొప్పి, మసక చూపు, ముక్కు నుంచి నెత్తురు కలిస్తే రక్తం చిక్కబడిందని అనుమానించాలి. కంటి వెనక పొర (రెటీనా) చూడాలి. సిరలు అక్కడక్కడ నొక్కేసినట్టు ఉబ్బి కనిపిస్తాయి. హిమోగ్లోబిన్ తక్కువుందని తొందరపడి రక్తం ఎక్కిస్తే చిక్కదనం ఇంకా పెరుగుతుంది. ముందు ప్లాస్మా మార్పిడి, అంటే ఐజీఎం నిండిన రక్తద్రవాన్ని తీసి వేరే ద్రవం ఎక్కించడం, జరగాలి. ఈ క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్ మొదట్లో ఐజీఎంను పెంచవచ్చు, అందుకే ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ మందు వెంటనే మొదలుపెట్టరు. మతిమరుపు, ఫిట్స్, రెండుగా కనిపించడం ఉంటే కణాలు మెదడు దాకా చేరాయేమో కాంట్రాస్ట్ ఎమ్మారై, వెన్నునీరు చూడాలి.

స్పర్శ పోయిన పాదానికి కన్నే ఊతం. రిపోర్టు వచ్చేలోపు గట్టు మీదకు టార్చి, పెరట్లో రాత్రంతా ఒక బల్బు, చెప్పుకు మడమ వెనక పట్టీ.