టు పెట్టాలా, ఇంగ్ పెట్టాలా

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకి ఆటల గురించీ అల్లరి గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు కాబట్టి నేను మన ఇంగ్లీషు మాస్టారి గ్రామర్ క్లాసు గురించి రాస్తాను, అందులోనూ ఒక్క పాఠం గురించే: ఒక క్రియ వెనకే ఇంకో క్రియ వస్తే దాని ముందు 'టు' పెట్టాలా, చివర 'ఇంగ్' తగిలించాలా అన్నది.

గైడ్లలో రెండు లిస్టులుండేవి. వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్ లాంటివాటికి టు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, సజెస్ట్ లాంటివాటికి ఇంగ్. బట్టీ పడితే మార్కులొస్తాయి గానీ నోరు తెరిచి మాట్లాడేటప్పుడు ఏ లిస్టూ గుర్తురాదు. మాస్టారు ముందు ఒక ప్రశ్న వేసేవారు: "ఆ పని ఇంకా జరగాలా, జరిగిపోయిందా?" జరగాల్సిందైతే చాలావరకు టు, జరిగిందో జరుగుతున్నదో అయితే చాలావరకు ఇంగ్.

దీని పస రిమెంబర్ దగ్గర తెలిసేది. 'రిమెంబర్ టు లాక్ ద డోర్' అంటే తాళం వెయ్యడం మర్చిపోకు అని, 'ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్' అంటే వేసినట్టు గుర్తుంది అని. స్టాప్ ఇంకా తమాషా. 'హి స్టాప్డ్ టాకింగ్' అంటే మాటలు ఆపేశాడు, 'హి స్టాప్డ్ టు టాక్' అంటే మాట్లాడటానికని చేస్తున్న పని ఆపేశాడు. ఈ రెండోది మా వెనక బెంచీ కోసమే పుట్టిందనేవారు.

అన్నిచోట్లా ఈ ప్రశ్న పనిచెయ్యదు. వెళ్దామని సలహా ఇచ్చేటప్పుడు వెళ్ళడం ఇంకా జరగనే లేదు, అయినా 'ఐ సజెస్ట్ గోయింగ్' అనే అనాలి. ఎందుకని అడిగితే "అది మొండిది, అలాగే గుర్తుపెట్టుకోండి" అనేసేవారు. ప్రతిదానికీ ఏదో ఒక కారణం అల్లి చెప్పడం కన్నా నాకు ఆ జవాబే నచ్చేది. బిగిన్, స్టార్ట్‌లకి మామూలుగా ఏది పెట్టినా ఒకటే అన్న రోజు క్లాసంతా హమ్మయ్య అనుకుంది.

అసలు టెన్షన్ పెట్టేది 'లుక్ ఫార్వర్డ్ టు'. అక్కడి టు ప్రిపోజిషన్, అంటే నామవాచకం ముందు వచ్చే మాట, కాబట్టి వెనకాల క్రియ వస్తే దానికి ఇంగ్ రావాలి. అనుమానమొస్తే ఆ టు తర్వాత ఏదైనా నామవాచకం పెట్టి చూడమనేవారు: 'లుక్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్' కుదిరింది కదా, ఇక 'సీయింగ్' కూడా కుదురుతుంది. 'ఐ యూస్డ్ టు గెట్ అప్ ఎర్లీ' అంటే ఒకప్పుడు పెందలాడే లేచేవాణ్ణి, 'ఐ యామ్ యూస్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ' అంటే నాకది అలవాటే. రెండోచోట టు కూడా ఆ బాపతే.

అన్నట్టు కలయిక కమిటీవారికి ఒక మాట: ఈసారి ఆహ్వానంలో 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని ఉంది, మాస్టారికి పంపే కాపీలోనైనా మార్చండి.