బోటుకి గుడ్డ టాప్ తీసేసి హార్డ్ టాప్ వేసుకున్నాం: నా అనుభవం

మేముండేది టెక్సాస్‌లో, గాల్వెస్టన్ బే ఒడ్డున ఉన్న సీబ్రూక్‌లో. మా బోటు 22 అడుగుల సెంటర్ కన్సోల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. స్టీరింగు ఉండే పెట్టె (కన్సోల్) మధ్యలో ఉంటుంది, చుట్టూ నడవడానికి దారి ఉంటుంది, క్యాబిన్ ఉండదు. నీడ కావాలంటే స్టీల్ పైపుల మీద మడిచి తెరిచే గుడ్డ టాప్ ఒక్కటే దిక్కు. ఇక్కడ దాన్ని బిమిని అంటారు.

ఎండకి గుడ్డ చివికిపోతుందని చాలామంది అనుకుంటారు. మాది ఎండకి ఆగేలా చేసే సన్‌బ్రెల్లా కంపెనీ గుడ్డ. రంగు పెద్దగా వెలవలేదు, చిరగలేదు. పోయింది కుట్టు. మామూలు పాలియెస్టర్ దారం ఈ ఎండకి నాలుగైదేళ్ళు ఆగితే గొప్ప. ఒకసారి కుట్టించాం, మళ్ళీ ఊడింది. ఇంతలో 2024 జులై 8న బెరిల్ తుఫాను మటగోర్డా దగ్గర తీరం దాటి హ్యూస్టన్ మీదుగా వెళ్ళింది. గుడ్డ ముందురోజే విప్పి ఇంట్లో పెట్టాను. మడిచి కట్టిన పైపుల మీద మాత్రం పక్కింటి ఓక్ చెట్టు కొమ్మ విరిగిపడి రెండు పైపులు వంకర్లు పోయాయి. కొత్త ఫ్రేము, కొత్త గుడ్డ అంటే ఎలాగూ వెయ్యి డాలర్లు దాటుతుంది. "ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదండీ, వానొస్తే తడవకుండా ఉండేదేదో చేయించండి" అంది మా ఆవిడ. అలా మొదలైంది హార్డ్ టాప్, అంటే మడవలేని గట్టి కప్పు, సంగతి.

ముందు ఒక షాపుకి వెళ్ళాను. పేరు చెప్పను. వాళ్ళ సలహా ఏమిటంటే, పాత బిమిని కాళ్ళు బిగించిన చోటే కొంచెం లావు పైపులు పెట్టి, పైన అల్యూమినియం రేకు వేసి, స్క్రూలతో బిగించేయడం. చవకే. కానీ బిమిని కాళ్ళకి బరువు మోసే పని ఉండదు. గుడ్డ తేలిక, ముందూ వెనకా పట్టీలు లాగి పట్టుకుంటాయి, గాలి ఎక్కువైతే మడిచేస్తాం. హార్డ్ టాప్‌ని మడవలేం. దాని మీదికొచ్చే గాలంతా కాళ్ళలోకి, కాళ్ళ కింద బోల్టుల్లోకి, బోల్టుల కింద డెక్కులోకి దిగుతుంది. అందుకని పైన ఏం వేయాలన్నది తర్వాత చూద్దామని, కింద ఏముందో ముందు చూశాను.

కాగితం మీద లెక్క వేసుకున్నాను. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకి 30 మైళ్ళ గాలికి చదరపు అడుగుకి సుమారు 2.3 పౌన్లు, 60 మైళ్ళకి 9 పౌన్ల పైన. మా టాప్ 45 చదరపు అడుగులు. గాలికి నిలువుగా నిలబడదు, పడుకుని ఉంటుంది కాబట్టి లెక్కంతా దాని మీద పడదు. అయినా ముందు అంచు కాస్త పైకి లేచి ఉంటే అందులో మూడో వంతు పైకి లాగిందనుకున్నా వంద పౌన్లు దాటుతుంది. ఇక్కడో తమాషా ఉంది. మంచి రోజు చూసుకుని బేలో తిరిగే బోటుకి నీళ్ళ మీద అంత గాలి తగలదు. ట్రైలర్ మీద పెట్టి ఐ-45 హైవే ఎక్కితే తగులుతుంది, అదీ ఆగకుండా గంటసేపు. నా హార్డ్ టాప్‌కి అసలు పరీక్ష హైవే మీదే అని అప్పుడర్థమైంది.

రెండో సంగతి బరువు. గుడ్డ, పైపులు కలిపి ముప్పై పౌన్లుండేవేమో. హార్డ్ టాప్ ఎంత తేలిగ్గా చేసినా, ఫ్రేముతో కలిపి 130 పౌన్ల దాకా తేలుతోంది. అది కూడా నెత్తిమీద, బోటు బరువుకేంద్రానికి ఆరడుగుల పైన. ఇరవై అడుగుల లోపు మోటారు బోట్లకి ఎంతమంది, ఎంత బరువు అని చెప్పే ప్లేటు ఇక్కడి చట్టం ప్రకారం ఉండాలి. మాది 22 కాబట్టి ఆ నిబంధన దీనికి వర్తించదు, జాగ్రత్త మనదే. మెరీనాలో (బోట్లు కట్టే రేవులో) ఒక పెద్దాయన సులువైన పద్ధతి చెప్పాడు. అలల్లేని చోట బోటుని తాడు వదులుగా కట్టి, అంచు మీద కాలేసి తొక్కి వదిలి, అది అటూ ఇటూ పది ఊగులు ఊగడానికి ఎంతసేపు పడుతుందో చూడమన్నాడు. పైన బరువు పెరిగితే ఊగు నెమ్మదిస్తుంది. బద్ధకంగా ఊగి, ఒకవైపు ఒరిగి కాసేపు ఆలోచించి లేచే బోటు ప్రమాదం. పాత టాప్‌తో మాకు 20 సెకన్లు వచ్చింది. అప్పుడు పెట్రోలు ట్యాంకు సగం ఉంది. అది కూడా రాసి పెట్టుకున్నాను, తర్వాత పోల్చాలంటే అంతే ఉండాలి కదా.

తర్వాత కింది సంగతి. బోటు డెక్కు చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ, పైన ఫైబర్, కింద ఫైబర్, మధ్యలో ప్లైవుడ్డు. పాత స్క్రూ బెజ్జంలోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగితే ఆ ప్లైవుడ్డు కుళ్ళిపోతుంది, పైకి ఏమీ కనబడదు. స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితో కొడుతూ వెళ్ళాను. బాగున్నచోట టక్కుటక్కుమని మోగుతుంది, కుళ్ళినచోట మొద్దుగా వినబడుతుంది. కన్సోల్ కుడిపక్క, ఎవరో ఎప్పుడో సీటు బిగించి తీసేసిన చోట, అలాగే వినబడింది. డ్రిల్లు పెడితే గోధుమ రంగు నీళ్ళొచ్చాయి. పై పొర చదరంగా కోసి తీసి, మెత్తబడిన చెక్కంతా గీకేసి, ఫ్యాను పెట్టి బాగా ఆరనిచ్చి, కొత్త ముక్క ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో) అతికించి, పైన మళ్ళీ ఫైబర్ వేశాను. మొత్తం పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించింది ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఇది చేయకుండా పైన ఎంత ఖరీదైన టాప్ పెట్టినా ప్రయోజనం లేదు.

టాప్ ఎత్తు ఎంతుండాలో కంప్యూటర్లో బొమ్మ గీస్తే తేలదు. హోమ్ డిపోలో పీవీసీ పైపులు కొని, నీలం టార్పాలిన్ కప్పి, ఉత్తుత్తి టాప్ ఒకటి నిలబెట్టాం. నాకు తల తగలకూడదు, మా ఆవిడ నిలబడితే ముందు అంచు సరిగ్గా కళ్ళకి అడ్డం రాకూడదు. ఈ రెండోది చాలామంది చూసుకోరు. అంచు కంటి ఎత్తులో ఉంటే డ్రైవ్ చేసేవాళ్ళు రోజంతా వంగి చూస్తూనే ఉండాలి. చివరికి డెక్కు నుంచి 6 అడుగుల 7 అంగుళాల దగ్గర ఇద్దరికీ కుదిరింది.

ఫ్రేము మాత్రం నేను చేసేది కాదు. పైపులు వంచడం, అల్యూమినియం వెల్డింగు వేరే విద్య. ఇంకో వెల్డింగ్ షాపులో ఇచ్చాను. 1.9 అంగుళాల అల్యూమినియం పైపు, యానోడైజ్ చేసింది, అంటే అల్యూమినియం మీదే గట్టి పొర తెప్పించింది. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చేది) చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ ఉప్పునీటి దగ్గర గీత పడ్డచోట, బోల్టు బెజ్జాల దగ్గర కింద నుంచి బుడగలు లేస్తుంది. నాలుగు కాళ్ళకీ వెడల్పాటి పాదాలు, కన్సోల్‌కి పక్క నుంచి రెండు పట్లు. ఆ పట్ల వల్లే ఫ్రేము పక్కలకి ఊగకుండా ఆగింది. వెల్డింగ్‌కి ముందే ప్రతి పైపులోంచీ వైరు లాగే తాడు వేసి ఉంచమని అడిగాను. ఆయన నవ్వి, చివర్లు మూసెయ్యని చోట తర్వాతైనా వేసుకోవచ్చన్నాడు, నిజమే.

పైన పలక మేమే చేశాం. అప్పటికి మా మామగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. ధవళేశ్వరంలో ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. గ్యారేజీలో ఫోము షీట్లు చూసి, "రేకులేసేస్తే పోయేదానికి ఇంత గోలెందుకండీ అల్లుడుగారూ?" అన్నారు. రేకు వేస్తే మధ్యాహ్నానికి కాలి కిందికి సెగ కొడుతుంది, అలకి అలకి గలగలమంటుంది, పైగా దాని కింద జీపీఎస్ సరిగ్గా పట్టదు. ఫైబర్‌లోంచి జీపీఎస్ సిగ్నల్ వచ్చేస్తుంది. మధ్యలో అర అంగుళం ఫోము, పైనా కిందా రెండేసి పొరలు ఫైబర్ గ్లాసు. బరువు డెబ్బై పౌన్ల లోపు. ఇదంతా చెబితే, "అంటే మా కాకినాడ ఫైబర్ బోట్లలాంటిదే, మధ్యలో మెత్త పెడతారన్నమాట" అని తేల్చేశారు. ఆ తర్వాత ఎపాక్సీ కొలిచే పని ఆయనదే. నన్ను కప్పు ముట్టుకోనివ్వలేదు.

ఎపాక్సీ పనికి ఇక్కడ ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. ఎండాకాలం గ్యారేజీలో కలిపింది కలిపినట్టే గట్టిపడుతుంది; పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే చేతిలో ఉండే టైము సుమారు సగానికి పడిపోతుంది. లోతు కప్పులో ఎక్కువ కలిపి ఉంచితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. అందుకే కొంచెం కొంచెం కలిపి వెంటనే వెడల్పాటి ట్రేలో పోసేయాలి. తేమ ఉన్న రోజు గట్టిపడ్డాక పైన మైనంలాంటి జిడ్డు పొర వస్తుంది. దాన్ని ముందు నీళ్ళతో రుద్ది కడగాలి, ఆ తర్వాతే శాండ్ పేపర్. ముందు శాండ్ పేపర్ పడితే జిడ్డు లోపలికి దిగి పై పొర అంటుకోదు.

పలక మధ్యలో రెండంగుళాలు ఎత్తు పెట్టి వంపు తెచ్చాం, వాననీళ్ళు జారిపోవాలని. అంచు చుట్టూ చిన్న గట్టు, వెనక రెండు మూలల్లో నీళ్ళు పోయే బెజ్జాలు. గట్టు లేకపోతే బోటు తిప్పిన ప్రతిసారీ పైన నిలిచిన నీళ్ళన్నీ నడిపేవాడి మెడ మీదే పడతాయి. బోల్టులు వచ్చే ప్రతిచోటా ఫోము తీసేసి, గట్టి ఎపాక్సీ నింపి, ఆరాక మళ్ళీ బెజ్జం వేశాం. ఫోము మీద నేరుగా బోల్టు బిగిస్తే బిస్కెట్‌లా నలిగిపోతుంది. పైన తెల్ల పెయింటు తప్పదు, ఎపాక్సీ ఎండకి ఆగదు. కింద మాత్రం లేత బూడిద రంగు వేశాం. నీళ్ళ మీంచి వచ్చే వెలుగు తెల్లటి కప్పుకి తగిలి కళ్ళలో కొడుతుంది.

ఎక్కించేరోజు పొరుగింటి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, పని గంటలో అయిపోయింది. డెక్కు కింద ప్రతి పాదానికీ పావు అంగుళం మందం ప్లేటు పెట్టి బిగించాం. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియానికి తగిలే ప్రతిచోటా టెఫ్-జెల్ అనే పేస్టు పూశాను. ఉప్పునీళ్ళు మధ్యలో చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది, తర్వాత బోల్టు ఊడి రాదు. నీళ్ళు దిగకుండా సీలెంట్‌కి 3M కంపెనీ 5200 రకం వాడమని చాలామంది చెబుతారు. అది పట్టుకుంటే వదలదు, రేపు విప్పాలంటే డెక్కు కూడా ఊడొస్తుంది. నేను అదే కంపెనీది, అంత గట్టిగా పట్టని 4200 వాడాను.

లైట్ల దగ్గర టెన్షన్ పడ్డాను, ఎందుకంటే రాత్రిపూట కోస్ట్‌గార్డ్ ఆపి చూస్తే ముందు చూసేది వాటినే. మా సైజు బోటుకి చుట్టూ కనబడే తెల్ల లైటు రెండు మైళ్ళ దూరానికి కనబడాలి, ఎరుపు-ఆకుపచ్చ లైట్లకంటే కనీసం ఒక మీటరు పైన ఉండాలి. దాన్ని వెనక కర్ర మీంచి తీసి టాప్ మీద చిన్న స్టాండు పెట్టి బిగించాను. టాప్‌కి ఆనించి పెడితే తెల్ల పెయింటు వెలిగిపోయి ముందున్నది కనబడదు. పాటల స్పీకర్లు దిక్సూచికి దూరంగా, వెనక మూలల్లో పెట్టాను, వాటిలో అయస్కాంతాలుంటాయి. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫొటోలు, బిల్లులు పంపితే బోటు విలువ పెంచి కొత్త పేపరు ఇచ్చారు.

మొత్తం ఖర్చు ఐదు వేల డాలర్ల పైచిలుకు, ఫ్రేముకే అందులో మూడు వేలు. అంతా బయట చేయిస్తే ఎనిమిది వేలు దాటేది. పది ఊగులకి ఇప్పుడు 22 సెకన్లు పడుతోంది, అది పరవాలేదు. అయినా టాప్ మీదికి ఎవరినీ ఎక్కనివ్వడం లేదు, పిల్లలు ఎంత అడిగినా సరే. పూర్తి స్పీడులో ఒక మైలు తగ్గింది. పక్కగాలికి రేవులో కట్టేటప్పుడు బోటు మునుపటికంటే ఎక్కువ కొట్టుకుపోతుంది, ఇంజను కాస్త ముందే తిప్పాలి. మొదటిసారి హైవే ఎక్కి దిగాక అన్ని బోల్టులూ స్పానరుతో చూస్తే వెనక ఎడమ కాలివి రెండు పావు చుట్టు తిరిగాయి. తర్వాత కదల్లేదు.

ఇక తుఫాను సంగతి. గుడ్డయితే విప్పి ఇంట్లో పెట్టేవాళ్ళం, దీన్ని విప్పలేం. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా సీజన్ కాబట్టి, పేరు పెట్టిన తుఫాను ఏదైనా ఇటు తిరిగిందంటే బోటుని లోపలికి లాక్కెళ్ళిపోవడమే ప్లాను. శాన్ ఆంటోనియోలో మా తమ్ముడి ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది. ఫోన్ చేస్తే, "తెచ్చి పెట్టేయ్ అన్నయ్యా, కానీ మా గేటు మీద కమాను ఉంది, చూసుకో" అన్నాడు. కొలిచి చెప్పమన్నాను. 10 అడుగుల 2 అంగుళాలట. ట్రైలర్ మీద మా బోటు, యాంటెన్నా పడుకోబెడితే, 9 అడుగుల 8.