రాజీకి కుదువ

మా అక్క కూతురు వేల్స్ దేశంలోని కార్డిఫ్‌లో ఉంటుంది. పోయిన నెల పాప పుట్టింది. మన పేరుతో పాటు ఆ దేశం పేరు కూడా ఒకటి కలుపుతానని వాట్సాప్‌లో పేర్ల పట్టీ పంపింది. మొదటిది హేల్వెన్, అంటే ఎండ. వానలో నానే వేల్స్‌లో అది ముద్దుగానే ఉంటుందేమో గానీ, మే నెలలో ప్రొద్దుటూరుకొచ్చి "ఎండా, ఇట్ల రా" అని పిలిస్తే జనం నవ్వరా?

అట్టడుగున ఇంకోటి ఉంది: తాంగ్విస్టల్. "అది ఊరికే రాసినాలే చిన్నమ్మా, ఇప్పుడెవరూ పెట్టరు" అనింది. నా మనసు మాత్రం దాని మీదే పడింది.

వేల్స్ వాళ్ల భాష వెల్ష్. పాత వెల్ష్‌లో తాంగ్ అంటే శాంతి. గ్విస్టల్ అంటే జామీనుగా అప్పగించిన మనిషి. రెండూ కలిస్తే నడుమ గకారం జారిపోతుంది. మా కడప మాటలో చెప్పాలంటే రాజీకి కుదువ. (మన రాజేశ్వరులందరూ ఇంట్లో రాజీలే. అర్థం ఎవరు చూస్తారు!)

ఈ పేరుగల ఒకామె ఉత్తర వేల్స్‌ను ఏలిన లెవెలిన్ రాజుకు పెండ్లి కాకముందు తోడుగా ఉండిందని వంశావళులు చెబుతాయి. వాళ్ల కొడుకు గ్రిఫిత్. 1211లో ఇంగ్లండ్ రాజు జాన్ చేతిలో ఓడిపోయిన లెవెలిన్, ఆ పిల్లోణ్ణే జామీనుగా ఇచ్చినాడు. 1215లో జాన్ తన ప్రభువులకు ఒప్పుకుని ఇచ్చిన పత్రం మాగ్నా కార్టాలో 58వ అంశం చూడండి: లెవెలిన్ కొడుకును, శాంతికి పూచీగా తీసుకున్న వెల్ష్ వాళ్లందరినీ వెంటనే వదిలిపెడతామని రాసుంది. పేరు తల్లిది, అనుభవించింది కొడుకు.

మా జేజిది కూడా అట్లా రాజీకి కుదువ పెట్టిన పెండ్లే. రెండిండ్ల మధ్య కొట్లాటలు ముదిరితే, పెద్దమనుషులు కూర్చుని పిల్లనిచ్చి రాజీ చేసినారు. పండగకు పిలవను వచ్చిన అన్న ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదంట. గడప బయటే నిలబడితే, జేజి ఓళిగలు గుడ్డలో మూటగట్టి చేతికిచ్చేది. మా నాయన పుట్టినాక గానీ ఆయన లోపలికి రాలేదు.

మొన్న జేజికి ఈ కథంతా చెప్పినా. గ్రిఫిత్ మళ్లీ 1241లో లండన్ టవర్‌లో ఖైదీ అయినాడని, 1244 మార్చి 1న దుప్పట్లు ముడేసి కిటికీలో నుంచి దిగుతుంటే అది తెగి చచ్చిపోయినాడని. మనిషి బాగా లావు అంట. అంతా విని, వక్క నమలడం ఆపింది.

"దుప్పట్లు అంత బరువు ఆపుతాయా? నులకతాడు ఇచ్చే దిక్కు కూడా లేకపాయనా ఆ బిడ్డకు?"