రాత్రికి జ్వరం రావచ్చు అవ్వా

మా అమ్మకు ఎనభై ఏళ్లు. పాతికేళ్లుగా ఆయాసం. 2021 నుంచి ఆమెకు మూడు కోవిడ్ టీకాలు, రెండు ఫ్లూ టీకాలు వేయించాను. నేను కోవూరు పక్కన ఒక పల్లెలో బ్రాంచి పోస్టాఫీసు చూసుకుంటాను. పొదుపు ఖాతా పని మీద వచ్చే పెద్దవాళ్లు పని అయిపోయాక కూడా కాసేపు కూర్చుంటారు. “ఆ సూది వేయించుకుంటే ఏమవుతుందమ్మా?” అన్న మాట నా బల్ల ముందు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విడివిడిగా అందరికీ చెబుతూ వచ్చినదాన్ని ఒకచోట రాసిపెట్టాలనిపించింది.

మొదటి సూది 2021 ఏప్రిల్ రెండో వారంలో. నలభై అయిదు దాటినవాళ్లందరికీ ఆ నెల ఒకటో తేదీ నుంచి వేస్తున్నారు కాబట్టి అమ్మతో పాటు నాకూ అర్హత వచ్చింది. ఆధార్ కార్డులు పట్టుకుని పొద్దున్నే వెళ్లి వేపచెట్టు కింద వరుసలో నిలబడ్డాం. అమ్మకు కుర్చీ ఇప్పించడానికి నలుగురిని బతిమాలాను. కోవిషీల్డ్ వేశారు. చీమ కుట్టినంత నొప్పి, అంతే. అరగంట కూర్చోబెట్టి పంపించేశారు. రాత్రికి ఏం జరగవచ్చో ఎవరూ చెప్పలేదు. ఆ రద్దీలో వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక లేదని నాకు తెలుసు. అయినా ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మా వీధిలో తర్వాత జరిగినదంతా జరిగేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రాత్రి పదకొండు దాటాక అమ్మ పళ్లు పటపట కొట్టుకోవడం వినిపించి లేచాను. ఉక్కపోతకు డాబా మీద పడుకునే రోజులవి. కిందికి దింపి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. థర్మామీటరు పెడితే 101.8. అప్పటికే నాకూ ఒళ్లు రోకలితో దంచినట్టుంది. ఆ నెలలో జ్వరమంటే ఒకటే అర్థం. ఎవరికైనా ఫోన్ చేస్తే అమ్మను తీసుకుపోయి ఎక్కడ ఉంచుతారోనన్న భయంతో తెల్లవారేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో పారాసిటమాల్ ఉంది. వేయవచ్చో లేదో తెలియక వేయలేదు. పొద్దున మందుల షాపతను ధైర్యం చెప్పాక వేస్తే సాయంత్రానికి ఇద్దరికీ తగ్గిపోయింది. అమ్మ మాత్రం వారం దాకా ఎడమ చెయ్యి పైకెత్తలేక నాతోనే జడ వేయించుకుంది.

మేము కోలుకునేలోపే కబురు ఊరంతా పాకింది. సూదితోనే కరోనా ఎక్కించారట అన్నారు. మా వీధిలో రెండు ఇళ్లవాళ్లు వెళ్లడం మానుకున్నారు. అమ్మ కూడా “రెండోది నాకు వద్దు” అని తేల్చేసింది. నేనేం చెప్పగలను? అప్పటికి నాకూ తెలియదు. కోవిషీల్డ్‌లో కరోనా వైరస్ అసలు ఉండదని, చింపాంజీలకు జలుబు తెచ్చే ఒక వైరస్‌ను మన ఒంట్లో పెరగలేని విధంగా మార్చి దాని ద్వారా కరోనా వైరస్ పైనుండే ముల్లు (స్పైక్ ప్రొటీన్) ఆనవాళ్లను మాత్రమే పంపుతారని, ఆ కొత్త సరుకును చూసి ఒళ్లు చేసే హడావుడే ఈ జ్వరమని తర్వాత తెలుసుకున్నాను.

రెండో డోసు జూన్‌లో అనుకుంటుండగా మే 13న రెండు డోసుల మధ్య గడువును పన్నెండు–పదహారు వారాలుగా పెంచారు. అదే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకు ఇచ్చే నాటుమందు కోసం జనం విరగబడ్డారు. 21వ తేదీన మా మరిది కూడా బండి మీద వెళ్లి, ఆ రద్దీలో దారి దొరక్క తిరిగొచ్చాడు. నెలాఖరున ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతా మందుకు అనుమతిచ్చింది. మనుషులు చచ్చిపోతున్న రోజుల్లో ఆశతో వెళ్లినవాళ్లను నేనేమీ అనను. అయితే “ఆ మందు ఉండగా ఇంక సూదెందుకు?” అని అమ్మ అన్నప్పుడు మాత్రం నా గుండె జారిపోయింది.

జులైలో మా ఊరి సచివాలయానికే వచ్చి వేశారు. ఎలాగో నచ్చజెప్పి తీసుకెళ్లాను. అక్కడున్న ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే నర్సు) సిరంజి ముట్టుకోకముందే అమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మొదటిసారి జ్వరం వచ్చిందా అవ్వా? ఎంత వచ్చింది? ఎన్నాళ్లుంది?”

అమ్మ చెప్పినదంతా విని, ఒక చీటీ తీసుకుని రాస్తూ చెప్పింది. “ఈసారి అంత రాకపోవచ్చు. అయినా రాత్రికి జ్వరం రావచ్చు అవ్వా. వస్తే ఏదైనా తిని ఈ మాత్ర ఒకటి వేసుకో. చెయ్యి నొప్పి పుడుతుంది, చల్లటి తడిగుడ్డ వెయ్యి, రుద్దొద్దు. మంచినీళ్లు బాగా తాగు. జ్వరం రెండు రోజులు దాటినా, ఆయాసం ఎక్కువైనా, ఛాతీలో నొప్పి వచ్చినా, కాలు వాచినా, తలనొప్పి ఓర్చుకోలేనంతగా ఉన్నా అర్ధరాత్రయినా సరే నాకు ఫోన్ చేయించు.” చీటీ కింద తన నంబరు రాసి నా చేతికిచ్చింది.

“వస్తుందని నువ్వే చెబుతున్నావు కదమ్మా, ఇంక భయమెందుకు?” అంటూ అమ్మ రవిక చెయ్యి పైకి మడిచింది. ఆ రాత్రి 99 దాటలేదు. నాకైతే అదీ లేదు. కోవిషీల్డ్ రెండో డోసుకు చాలామందికి ఇలాగే తేలిగ్గా పోతుందట. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో తొమ్మిది నెలల గడువు నిండగానే ముందుజాగ్రత్త డోసు (మూడో సూది) కోసం అమ్మే నన్ను తొందరపెట్టింది. అరవై లోపువాళ్లకు అప్పట్లో ప్రైవేటులో డబ్బు కట్టాల్సి వచ్చేది. జులై నుంచి ఉచితం చేశాక నేనూ వేయించుకున్నాను.

కాలు వాపు సంగతి ఆ సిస్టర్ ఎందుకు చెప్పిందో కూడా రాయాలి. రక్తం గడ్డకట్టే అరుదైన చిక్కు కోవిషీల్డ్‌తో ఉంది. 2021 మేలో మన దేశపు నిపుణుల కమిటీ పది లక్షల డోసులకు 0.61 చొప్పున అలాంటి కేసులు గుర్తించింది. ఈ టీకాను రూపొందించిన కంపెనీ ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఈ విషయం ఒప్పుకున్నదని 2024 వేసవిలో టీవీల్లో వచ్చినప్పుడు, మూడేళ్ల కిందట వేయించుకున్నవాళ్లు నా బల్ల ముందుకొచ్చి వణికిపోయారు. ఆ చిక్కు రావాలంటే సూది పడిన కొన్ని వారాల్లోనే వస్తుందని, మూడేళ్ల తర్వాత కాదని చెప్పి పంపాను. ముందే చెప్పని విషయం ఎప్పుడు తెలిసినా జనాన్ని ఇలాగే బెదరగొడుతుంది. ఆ సిస్టర్ మూడేళ్ల ముందే కాలు వాపు మాట చెప్పి ఉంచింది కాబట్టి అమ్మ మాత్రం టీవీ చూసి కంగారు పడలేదు.

ఇక ఫ్లూ. 2023 మార్చిలో దేశమంతా హెచ్3ఎన్2 గాలి వీస్తున్నప్పుడు అమ్మకు పడిశంతో మొదలై మూడో రోజుకు ఊపిరి అందలేదు. నెల్లూరులో అయిదు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. కోవిడ్ కాదని, ఇన్‌ఫ్లుయెంజా అని పరీక్షలో తేలింది. “మూడు సూదులు వేయించుకున్నాను కదా, ఇదెలా వచ్చింది?” అని ఆమె అడిగింది. కోవిడ్ టీకా ఫ్లూను ఆపదని, ఆయాసం ఉన్నవాళ్లకు ఫ్లూ టీకా వేరేగా ఏటా అవసరమని డాక్టరుగారు చెప్పారు. ఆ వైరస్ ఏటా వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, టీకాలో ఏ రకాలు ఉండాలో కొత్తగా నిర్ణయిస్తుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలే అసలు వానలు కాబట్టి, అవి ముదిరేలోపు అక్టోబరు మొదట్లో వేయిస్తే మంచిదన్నారు. సూది పడ్డాక రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుందట.

ఫ్లూ టీకా మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేదు. అక్టోబరులో నెల్లూరు పొగతోటలో మూడు మందుల షాపులు తిరిగాను. ఒకచోట ఉన్నది పోయిన సీజను సరుకు. పెట్టె మీద ఏ సీజనుదో ముద్రించి ఉంటుంది, అడిగి చూసుకోవాలి. ఇంకొక షాపులో దాదాపు రెండు వేలు పెట్టి కొన్నాను. అక్కడి అబ్బాయి ఫ్రీజరులోంచి రెండు ఐస్ ప్యాకులు తీసి, వాటి మధ్య పెట్టెను ఇరికించి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. చల్లగా ఉండాలి కదా, మంచిదే చేశాడనుకున్నాను. అమ్మ రక్తపరీక్ష ముగించుకుని గంటన్నర తర్వాత ఆస్పత్రిలో ఇస్తే, నర్సు పెట్టె తెరిచి సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. లోపలి మందు కదలడం లేదు. మంచు కట్టిన సన్నటి గాజుముక్కలా ఉంది.

“ఇది వేయకూడదమ్మా. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందంటే కరిగించినా పనికిరాదు” అంది.

షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. రెండు వేలంటే నాకు చిన్న సొమ్ము కాదు. బస్సులో ఇంటిదాకా కళ్లనీళ్లు ఆపుకుంటూనే ఉన్నాను. అయినా ఆ నర్సు చూడకుండా పొడిచేసి ఉంటే అమ్మకు రక్షణ ఉందన్న నమ్మకంతో ఆ చలికాలమంతా గడిపేవాళ్లం. వారం తర్వాత టీకాల కోసమే వేరుగా ఫ్రిజ్ పెట్టుకున్న ఒక క్లినిక్‌లో వేయించాను. మీరు వేయించుకునేచోట ఫ్రిజ్ ఉందో లేదో, అందులో థర్మామీటరు ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. వేసేముందు ఆ డాక్టరు ఆ రోజు జ్వరమేమైనా ఉందా, ఇదివరకు ఏ సూదికైనా ఒళ్లు దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం జరిగిందా అని అడిగారు.

ఫ్లూ సూదికి అమ్మ ఒళ్లు కోవిడ్ సూదికి చేసినంత గొడవ చేయలేదు. ఆ సాయంత్రం భుజం బరువెక్కింది. మర్నాడు 99.4, కొంచెం నీరసం, చారన్నం తిని పడుకుంది. రెండో రోజు సాయంత్రానికి పెరట్లో పూలు కోస్తోంది. ఆ టీకాలో ఉండేది చంపిన వైరస్ ముక్కలే కాబట్టి దానితో ఫ్లూ రాదు. ఆ చలికాలంలో అమ్మకు రెండుసార్లు పడిశం పట్టింది. పడిశం తెచ్చే వైరస్‌లు ఇంకా చాలా ఉన్నాయి, అన్నింటినీ ఈ సూది ఆపలేదు. ఆస్పత్రిలో చేరే అవసరం మాత్రం రాలేదు.

2024 అక్టోబరులో మళ్లీ వెళ్లాం. ఆ రోజు క్లినిక్‌లో బెంచీలు నిండిపోయాయి. కొత్త నర్సు, చిన్నపిల్ల, సూది వేసేసి దూది అద్ది తరువాతి పేరు పిలవబోయింది. అమ్మ లేవలేదు. ఇన్‌హేలర్ డబ్బాలోంచి మడతలు నలిగిన ఆ పాత చీటీ తీసి బల్ల మీద పరిచింది.

“రాత్రికి జ్వరం వస్తుందా రాదా, వస్తే ఏం చేయాలి, ఎప్పుడు మీకు ఫోన్ చేయాలి, చెప్పమ్మా. తర్వాత లేస్తాను.”

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, చీటీ చదివి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె చెప్పడం మొదలుపెట్టేసరికి వెనక బెంచీ మీదున్న ఇద్దరు ముసలివాళ్లు వినడానికి ముందుకు జరిగారు.